సారాయి: దాని పుట్టుక, దాని గుణము, మన పద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



సరస్వతికి ఉత్సవము జరుగుచున్న పందిట సారాయి మాట యేల యని తమలో కొందఱు శంకింపవచ్చును. పుస్తకముల మేలును గూర్చి నాకు ముందు మాటాడిన పెద్దలు చక్కగా సెలవిచ్చిరి. నేను ఊరి లెక్కలు వ్రాయువాడను. బడిలో చదివినది స్వల్పము. భారతమును, కౌటిల్యుని అర్థశాస్త్రమును, చరక సంహితను పెద్దల సాయమున కూడబలుకుకొని చదువుకొన్నవాడను. ఆ మూడు గ్రంథములును మద్యమును గూర్చి దాపరికము లేక మాటాడినవి. మనము మాత్రము రాత్రి త్రాగుచు, పగలు ఆ మాట యెత్తుటకు సిగ్గుపడుచున్నాము. ఏ వస్తువు మన ఇండ్లలోని సొమ్మును ఇంతగా తినుచున్నదో, ఆ వస్తువు ఎట్లు పుట్టినదో, ఒడలిలో ఏమి చేయునో తెలిసికొనుట గ్రంథాలయమునకు తగిన పనియే యని నా మనవి.

ఇందుకు వేఱొక కారణమును కలదు. మనది చక్కెర సీమ. 1923లో పని మొదలై 1931 నాటికి పూర్తియైన నిజాంసాగరము మంజీర నీటిని మన పొలములకు తెచ్చెను. ఆ నీటివలన చెఱకు పెరిగెను. ఆ చెఱకును నమ్ముకొని 1937లో బోధను చెంత శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. ఒకనాడు ఆసియాలోనే మిక్కిలి పెద్ద చక్కెర మిల్లులలో నొకటిగా పేరొందెను. 2002లో అందలి అధిక భాగము ప్రైవేటు చేతులకు పోయెను. 2015 డిసెంబరులో గానుగ నిలిచిపోయెను. ఈ కథ మీకు నాకంటె బాగుగ తెలియును; మీలో ఎందఱో ఆ గేటు ముందు బండ్లు నిలిపి రాత్రులు గడపినవారే. చక్కెర పోసిన తరువాత మిగులు నల్లని మడ్డిని మొలాసిస్ అందురు. ఆ మడ్డియే ఈనాటి సారాయికి తల్లి. కావున చెఱకు పండించు మనకును సీసాలోని సరకునకును చుట్టరికము కలదు. చుట్టమును గూర్చి తెలిసికొనకుండుట తగదు.

ముందుగా పూర్వుల మాట చూతము. కౌటిల్యుడు రాజ్యమున సురాధ్యక్షుడను ఉద్యోగిని నియమించెను. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని ఆఱు విధములైన మద్యములను పేర్కొని, వాని పాళ్లను సయితము లెక్కగట్టి చెప్పెను. మేదకమునకు ఒక ద్రోణము నీరు, అర ఆఢకము బియ్యము, మూడు ప్రస్థముల కిణ్వము. కిణ్వమనగా పులియజేయు ముద్ద. నడవడి తెలిసినవారికి మాత్రమే, అదియును కొలత మీఱకుండ అమ్మవలెనని అతని కట్టడి. ఉత్సవములందును జాతరలందును నాలుగు దినములపాటు మద్యము చేసికొనుటకు సెలవు నొసగెను. అనగా రెండువేల యేండ్ల నాడే సర్కారు ఈ వస్తువునుండి రాబడిని పొందెను. దానికి భయపడియు నుండెను. నేటికిని సర్కారుల స్థితి యిదియే.

చరకుడు ఎనుబదినాలుగు ఆసవములను లెక్కించెను. చికిత్సాస్థానమున ఇరువదినాల్గవ అధ్యాయమును మద్యముచే కలుగు రోగములకే కేటాయించెను. తగిన విధమున, తగిన మాత్రలో, తగిన కాలమున, హితమైన అన్నముతో, తన బలమునకు తగినట్లు పుచ్చుకొనువానికి అది మేలు చేయుననియు, ఈ నియమములు తప్పినవానికి విషమగుననియు అతని భావము. నేటి వైద్యులు మొదటి మాటను ఒప్పుకొనరు. ఆ సంగతి తరువాత మనవి చేసెదను. కాని మాత్ర, కాలము, అన్నము, బలము అను నాలుగు మాటలను మాత్రము మనసున నుంచుకొనుడు.

భారతమున రెండు కథలు కలవు. శుక్రాచార్యుడు మద్యమున కలిపిన కచుని బూడిదను ఎఱుగక త్రాగెను. శిష్యుడు తన కడుపులో నుండి పలుకగా తెలివి తెచ్చుకొని, సురాపానమును నిందించి కట్టడి చేసెను. రెండవది మౌసలపర్వ కథ. ముసలము పుట్టిన పిదప ద్వారకలో ఎవ్వరును మద్యము చేయరాదనియు, చేసినవానికి బంధువులతో కూడ కొఱ్ఱు తప్పదనియు చాటించిరి. అంతటి నిషేధము కలదు. అయినను యాదవులు ఊరు దాటి ప్రభాస తీర్థమునకు పోయి, శ్రీకృష్ణుని కన్నుల యెదుటనే త్రాగి, మాటకు మాట పెంచుకొని, తుంగ పీకి ఒకరినొకరు చంపుకొనిరి. ఊరిలో శాసనమున్నది, ఊరి బయట సీసా యున్నది. మనసున నియమము లేనప్పుడు శాసనమెంతటిదైనను పొలిమేర వఱకే సాగును.

పూర్వులు త్రాగినవి హెచ్చుగా పులియబెట్టినవి. మన కల్లును ఆ జాతిదే. సారాయి వేఱు. పులిసినదానిని కాచి, ఆవిరి పట్టి, చల్లార్చి తీసినది సారాయి. ఈ భేదమును శాస్త్రము తేటగా చెప్పుచున్నది.

తీపి యున్నచోట ఈస్టు అను సూక్ష్మజీవి చేరును. అది చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును విడుచును. కల్లులొట్టిలో నురుగు పొంగుట ఆ వాయువు వలననే. 1857 మొదలు ఫ్రాన్సు దేశమున పాశ్చరు ఇది సజీవుల పనియని చూపెను. 1897లో జర్మనీలో బుక్నరు ఆ జీవిని నలిపి తీసిన రసము సయితము అదే పని చేయునని తెలిపెను. దీని జమాఖర్చు నాకు ముచ్చట గొల్పును. 180 గ్రాముల గ్లూకోజు పద్దునకు 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల వాయువు. గ్రాము తేడా రాదు. అయితే ఆల్కహాలు నూటికి 12 మొదలు 15 పాళ్లకు చేరుసరికి ఈస్టు తాను చేసిన మత్తులో తానే చచ్చును. తన శక్తికి మించినచో చావు తప్పదని ఆ కంటికానరాని ప్రాణియే మనకు పాఠము చెప్పుచున్నది.

అంతకంటె ఘాటు కావలెనన్న బట్టీ పెట్టవలెను. నీరు 100 డిగ్రీల వేడిలో మరగును. ఆల్కహాలు 78 డిగ్రీల పైచిల్లరకే మరగును. కావున సన్నని సెగపై ఆల్కహాలు ముందుగా ఆవిరియగును. ఆ ఆవిరి చల్లని మూతకు తగిలి చెమటవలె చుక్కలు కట్టును. అరబ్బీ భాషలో ‘అరఖ్’ అనగా చెమట. ఆ మాటయే ఇంగ్లీషువారి నోట ఆరాక్ అయినది. ఆల్కహాలు అను మాటయు అరబ్బీదే. మన ముసల్మాను సోదరులు కన్నులకు పెట్టుకొను సుర్మా పొడికి ఆ భాషలో కొహల్ అని పేరు. మెత్తగా నూరిన పొడికి చెల్లిన పేరు క్రమముగా తేర్చి తీసిన సారమునకు వచ్చినది.

మనకు ఉత్తరమున గోదావరి దాటిన ఆదిలాబాదు అడవులలో ఈ విద్య ఇప్పచెట్టు క్రింద వర్ధిల్లినది. మార్చి, ఏప్రిలు మాసములలో తెల్లవారుజామున ఇప్పపూలు రాలును. స్త్రీలు, పిల్లలు గంపలతో ఏరి ఎండబెట్టుదురు. ఎండిన పూవులో సగమునకు పైగా తీపియే. కఱవు నాడు అది అన్నము. పండుగ నాడు సారాయి. నానబెట్టి పులిసిన పూవును కుండలో పోసి పొయ్యి మీద పెట్టుదురు. దానిపై వేఱొక కుండ, అందు సారాయి పట్టుటకు చిన్న పాత్ర, అన్నిటికి పైన చన్నీళ్ల కుండ. నీరు వేడెక్కినకొలది మార్చుచుండవలెను. మార్చుట తక్కువైనచో ఆవిరి వృథా, మంట హెచ్చినచో మాడువాసన. గోండులు త్రాగుటకు ముందు కొన్ని చుక్కలను నేలపై విడిచి పితరులకును దేవతలకును అర్పింతురు. పెండ్లి, చావు, దేవర పండుగ, ఇట్టి సమయములందు అందఱు కూడి కూర్చుండి త్రాగు వస్తువది. ఒంటరిగా మూలన నిలుచుండి ఒక్క గుక్కలో మింగు వస్తువు కాదు. ఈ భేదము చిన్నది కాదు.

నిజాము ప్రభుత్వమున ఇప్పసారాయిపైనను, కల్లుపైనను అబ్కారీ పన్ను ఖజానాకు ముఖ్యాధారములలో నొకటి. గుత్తేదారులు వచ్చిరి, అడవిబిడ్డ తన చెట్టుక్రింద పెట్టుకొన్న కుండ నేరమయ్యెను. తరువాత చక్కెర మిల్లుల మడ్డి వచ్చి ఇప్పపూవును త్రోసివేసెను. నూరు టన్నుల చెఱకు ఆడినచో 4 మొదలు 4½ టన్నుల మడ్డి వచ్చును. టన్ను మడ్డినుండి సుమారు 220 మొదలు 250 లీటర్ల ఆల్కహాలు తీయవచ్చును. పెద్ద ఇనుప స్తంభములలో ఆవిరిని మరల మరల తేర్చి నూటికి 95 పాళ్ల వఱకు శుద్ధి చేయుదురు. ఇట్టి ఆల్కహాలు త్రాగుటకే కాదు. మందులకు, రంగులకు, సెంట్లకు పనికివచ్చును. 2020లో కరోనా వచ్చినప్పుడు చేతులకు పూసికొన్న ద్రావకము ఇదియే. పెట్రోలులో కలుపుటకై 1948లోనే దేశమున పవర్ ఆల్కహాలు చట్టము వచ్చెను. 2022లో ఆ మిశ్రమము నూటికి 10 పాళ్లకును, 2025లో 20 పాళ్లకును చేరెను. మన చెఱకు బిడ్డ మోటారును నడుపగలదు, గాయమును కడుగగలదు. దానిని మన కడుపులోనే పోసికొనవలెనన్న నియమము లేదు.

మన దేశమున విస్కీ, బ్రాందీ అని అమ్మునవి పెక్కు ఈ మడ్డి ఆల్కహాలునకే రంగు, రుచి, నీరు చేర్చి పట్టినవి. స్కాట్లండు దేశమున బార్లీ మొలకలతో చేసి, కనీసము మూడేండ్లు ఓక్ చెక్క పీపాలలో నిలువ చేయనిదే ఆ పేరు పెట్టరాదు. ఆ పీపాలలోనుండి ఏటేట నూటికి సుమారు 2 పాళ్లు ఆవిరియగును. దానిని వారు దేవదూతల పాలు అందురు. మన ఎండలలో ఆ నష్టము అంతకు కొన్ని రెట్లు.

సీసామీద 42.8 శాతము అను అంకె మీరు చూచియుందురు. ఈ వింత అంకె ఎక్కడిది? పూర్వము ఇంగ్లండులో సారాయిని తుపాకి మందుపై పోసి నిప్పంటించెడివారు. మందు అంటుకొన్నచో సరకు మంచిదని రుజువు. అట్టి రుజువు సరకునకు తరువాత 57.1 శాతమని లెక్క కట్టిరి. అందులో నూటికి 25 తగ్గించినచో 42.8. దొరలు పోయిరి గాని దొరల లెక్క సీసాపై మిగిలినది.

ఇక గుడుంబా సంగతి. నల్లబెల్లపు ఊటను దొంగబట్టీలలో కాచి, ఘాటు కొఱకు కానివి కలిపి అమ్మినది గుడుంబా. దీని పాపమున కామారెడ్డి బెల్లపు బజారునకు తెచ్చు రైతు సయితము అనుమానపు చూపులకు గుఱియయ్యెను. సారాయి త్రాగి గ్రుడ్డివారైరి, గుంపుగా చచ్చిరి అను వార్తల వెనుక తఱచుగా నుండునది మిథైలు ఆల్కహాలు. అది పరిశ్రమలకు వాడు విషము. రంగున, వాసనన అసలుదానిని పోలియుండును. నిప్పంటించి చూచిన అదియు మండును. కావున మంట పరీక్ష నమ్మరాదు. ఒడలిలో అది ఫార్మిక్ ఆమ్లమై కంటినరమును చంపును. త్రాగిన వెంటనే తెలియదు. సగము దినమో, ఒక దినమో గడచిన పిదప చూపు మసకబారును, కడుపు నొచ్చును, ఊపిరి బరువగును. అట్టివానిని పండుకొనిన తగ్గునని ఇంట నుంచరాదు. గడియ ఆలస్యము లేక పెద్దాసుపత్రికి చేర్చవలెను. అక్కడ విఱుగుడు కలదు.

కల్లును గూర్చి ఒక మాట. గౌడ సోదరులు ప్రాణమునకు తెగించి చెట్టెక్కి దింపు కల్లు వేఱు; పొడి కలిపిన తెల్లనీళ్లు వేఱు. క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, ఆల్ప్రజోలం అను నిద్రమందులు కలిపిన కృత్రిమ కల్లు మన జిల్లాలో ఎన్ని ఇండ్లను పట్టి పీడించినదో మీకు తెలియును. దానికి మరగినవారు ఒక్కనాడు దొరకకున్న చేతులు వణకి, పిచ్చిమాటలాడి, మూర్ఛలు పడిరి. అది కల్లు దోషము కాదు, పొడి దోషము. ఇట్టివారును, ఏండ్ల తరబడి ప్రతిదినము సారాయి త్రాగినవారును పంతమునకు ఒక్కసారిగా మానరాదు. వైద్యుని చూపున క్రమముగా మానవలెను. ఒక్కసారిగా మానుటలో ప్రాణాపాయము కలదు.

ఇప్పుడు నా వృత్తికి తగిన లెక్క. క్వార్టరు సీసాలో 180 మిల్లీలీటర్లు. అందు 42.8 శాతము చొప్పున ఆల్కహాలు 77 మిల్లీలీటర్లు. తూకమునకు సుమారు 61 గ్రాములు. మన కాలేయము గంటకు 7 మొదలు 10 గ్రాములను మాత్రమే ఖర్చు వ్రాయగలదు. మజ్జిగ త్రాగినను, నిమ్మకాయ పిండినను, చన్నీళ్లు పోసికొన్నను ఆ వేగము పెరుగదు. రాత్రి పదిగంటలకు క్వార్టరు ముగించినవాడు తెల్లవారి అయిదింటికి ట్రాక్టరు ఎక్కినచో అతని నెత్తుట ఇంకను బాకీ యుండవచ్చును. 60 కిలోల మనిషి దానిని ఒక్కమారు త్రాగినచో నెత్తురు 100 మిల్లీలీటర్లకు సుమారు 150 మిల్లీగ్రాముల ఆల్కహాలు చేరును. బండి నడుపువానికి మోటారు వాహనముల చట్టము విధించిన హద్దు 30.

వైద్యుల తుది మాట కూడ వినుడు. మద్యము పుండుకురుపు, అనగా కాన్సరు, కలిగించునని 1988లోనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ నిర్ణయించెను. పూర్తిగా నిరపాయమైన మాత్ర యనునది లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. కాబట్టి త్రాగనివాడు ఆరోగ్యము కొఱకు మొదలుపెట్టనక్కఱలేదు. త్రాగువాడు తగ్గించినకొలది లాభమే. చరకుని నాలుగు మాటలను ఈ దృష్టితో తిరిగి చెప్పుదును. మాత్ర: సీసాతో కాక కొలతతో పోసికొని ఎంతయో వ్రాసికొనుము. కాలము: ప్రతిదినము వలదు, పగలు వలదు, పనికి ముందు, బండికి ముందు వలదు. అన్నము: ఆకలి కడుపున వలదు, నడుమ నడుమ నీరు త్రాగుము. బలము: గర్భిణులు, పిల్లలు, కాలేయపు జబ్బువారు, నిద్రమాత్రలవారు ముట్టనే రాదు. కోపము వచ్చినప్పుడును, అప్పులవాడు వచ్చి పోయినప్పుడును త్రాగరాదని నేను అయిదవది చేర్చుచున్నాను. ఏలయన ఆ రెండు వేళల త్రాగినవాడు కొలత ఎఱుగడు.

శాసనము మాట యేమి? మన రాజ్యాంగము 47వ అధికరణము మద్యనిషేధమునకు యత్నింపుమని ప్రభుత్వమునకు చెప్పుచున్నది. మదరాసు రాష్ట్రమున 1937లో సేలమున మొదలైన నిషేధము 1938లో చిత్తూరు, కడపలకు వచ్చెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ మొదలగు స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. రాత్రిబడులలో అక్షరములు దిద్దుచు సీతమ్మ కథ యను పాఠము చదివిన స్త్రీలు ఆ యుద్యమమునకు బలమైరి. 1993 అక్టోబరు 1న సారాయి అమ్మకము నిలిచెను. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చెను. 1997లో అది సడలెను. నడుమ కాలమున సీసాలు సరిహద్దులు దాటి వచ్చినవి. ప్రభాస తీర్థపు కథయే మరల జరిగినది. కాని ఒక మాట మఱవరాదు. ఆ యుద్యమమునకు బీజము పలకా బలపము. చదువు వచ్చిన స్త్రీ మగని కూలి ఎంత, దుకాణమునకు పోయినది ఎంత యని లెక్క వేసికొన్నది. అందుచేత ఈ ఉపన్యాసమునకు గ్రంథాలయమే తగిన చోటని నేనంటిని.

కడపట మన ఇంటి సంగతి. మన జిల్లాలో అనేక గ్రామములందు బెల్టుషాపు హక్కును గ్రామాభివృద్ధి కమిటీలు వేలము వేసి, ఆ సొమ్ముతో గుడికి రంగులు వేయించుట, బోరు వేయించుట పరిపాటి. లైసెన్సు లేని ఆ అమ్మకము చట్టవిరుద్ధమని అందఱికిని తెలియును. మన యూరను ఈ ఆలోచన కలదని విన్నాను. పాట పాడువాడు ఆ సొమ్మును తన ఇంటినుండి తెచ్చునా? సీసాకింత యని పెంచి మననుండియే రాబట్టును. ఉదాహరణకు నలువది మంది, దినమునకు క్వార్టరు, వెల 150 రూపాయలు అనుకొందము. దినమునకు 6,000, ఏడాదికి 21,90,000 రూపాయలు. వేలము మూడు లక్షలకు పోయినదనుకొనుడు. గ్రామనిధికి ఒక రూపాయి చేరుటకు మన ఇండ్లనుండి ఏడు రూపాయలకు పైగా వెడలినది. ఇట్టి పద్దు నేను వ్రాసినచో మీరు నన్ను కొలువునుండి తీసివేయుదురు. అదే మూడు లక్షలు మూడువందల ఇండ్లకు పంచినచో ఇంటికి వేయి రూపాయలు. దినమునకు మూడు రూపాయలు కూడ కాదు. గుడికైనను, బోరునకైనను, ఈ గ్రంథాలయపు పుస్తకములకైనను ఆ విధమున చందా వసూలు చేయుడు. ఆ లెక్క వ్రాయుటకు నేను వేతనము కోరను.

త్రాగువారిని నిందించుట నా యుద్దేశము కాదు. చెఱకు కోతలో వెన్ను విఱిగినవాడు సాయంకాలము కొంత ఊఱట కోరుట నేనెఱుగుదును. ఆ ఊఱటకు వెల యెంతయో, అది ఎవరి గిన్నెలోనుండి పోవుచున్నదో తెలిసి త్రాగుమనియే, తెలిసిన పిదప తగ్గింపుమనియే నా ప్రార్థన. వేలము సంగతి రాబోవు గ్రామసభలో బహిరంగముగా చర్చింపవలెననియు, ఆ సభకు స్త్రీలను తప్పక పిలువవలెననియు పెద్దలను కోరుచున్నాను.